పదో తరగతి తర్వాత ఏం చదవాలి?

ప్రత్యేక సంచికకు మన ఉద్యోగ జీవితంతో ముడిపడిన చరిత్ర ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. పే రివిజన్ల గురించి, కరువు భత్యం పోరాటాల గురించి రాయడానికి నాకంటె బాగా తెలిసిన మిత్రులు చాలామంది ఉన్నారు. నేను ఉపాధి కల్పన శాఖలో గుమాస్తాగా చేరి అధికారిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. సర్వీసు మొత్తం మీద నాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఒకటుంది. "మావాడు హైస్కూలు పూర్తిచేశాడండీ, ఏం చదివించమంటారు?" అని. ఈ ప్రశ్నకు కూడా ఒక చరిత్ర ఉంది. దీనికి జవాబు చెప్పే మనిషిని బడిలోనే పెట్టాలని ప్రభుత్వం వేసిన కమిషన్లు రెండుసార్లు చెప్పాయి. మన జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అతను రాని చోట ఎవరెవరు జవాబు చెబుతూ వచ్చారో రాద్దామని ఈ ప్రయత్నం.

మన తాతల కాలంలో ఈ ప్రశ్నే లేదు. కరణంగారబ్బాయి కరణం, కంసాలివారి పిల్లవాడు కంసాలి, రైతుబిడ్డ రైతు. చదువుకున్నవాడికి గుమాస్తాగిరీ, బడిపంతులు పని, ప్లీడరీ కనిపించేవి. మద్రాసు రాజధానిలో ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం చేతికి వస్తే చాలు, సర్కారు నౌకరీకి తలుపు తెరుచుకున్నట్టే. ఆ పుస్తకంలో మార్కులకంటె పుట్టిన తేదీయే ముందుముందు ఎక్కువ పని చేసింది. బడిలో వేసిననాడు పంతులుగారు తోచినట్టు రాసిన తేదీ విలువ ఎంతటిదో, 1983లో పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు దించినప్పుడు మనవాళ్ళలో చాలామందికి బాగా తెలిసివచ్చింది. అది వేరే కథ. తండ్రి నౌకరీ కొడుక్కి వచ్చే పద్ధతి మాత్రం మనం అనుకున్నంత తొందరగా పోలేదు. వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ మన రాష్ట్రంలో రద్దయింది 1984లో. అప్పటికి నేను సర్వీసులో సగం దూరం వచ్చేశాను.

పిల్లవాడు ఏ పనికి తగినవాడో కూర్చోబెట్టి మాట్లాడి చెప్పడం కూడా ఒక వృత్తేనని మొదట గట్టిగా అనుకున్నవాడు అమెరికాలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన. 1908 జనవరిలో బోస్టన్ నగరంలో ఇందుకోసమే ఒక బ్యూరో తెరిచాడు. ఆయన స్వయంగా ఇంజనీరింగు చదివి, తర్వాత లాయరై, పాఠాలు కూడా చెప్పినవాడు. అంటే ఒక దారిలోంచి మరో దారికి మారడం ఎంత కష్టమో అనుభవం మీద తెలిసినవాడన్నమాట. ఆయన పద్ధతిలో మూడే మెట్లు. నీ గురించి నువ్వు తెలుసుకోవాలి, పనుల గురించి తెలుసుకోవాలి, ఆ రెండింటినీ కలిపి ఆలోచించాలి. వచ్చిన కుర్రవాడి చేతికి వందకు పైగా ప్రశ్నలున్న కాగితం ఇచ్చేవాడట. బ్యూరో పెట్టిన ఏడాదే ఆయన చనిపోయాడు. పుస్తకం మరుసటి ఏడు 1909లో వెలువడింది. మా శాఖ శిక్షణ తరగతుల్లో బోధించిన సిద్ధాంతమంతా ఎటు తిప్పినా ఈ మూడు మెట్ల దగ్గరకే వచ్చేది.

మన దేశంలో ఈ పని విశ్వవిద్యాలయాల్లో, నగరాల్లో మొదలయింది. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1938లో ఒక విభాగం పెట్టారు. బొంబాయిలో 1940ల్లో ప్రైవేటు బ్యూరోలు, పార్సీ పంచాయతీ వారి బ్యూరో వచ్చాయి. అలహాబాదులో 1947లో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం మనస్తత్వ శాస్త్ర బ్యూరో నెలకొల్పింది. ఢిల్లీలో కేంద్ర బ్యూరో 1954లో వచ్చి, 1961లో ఎన్.సి.ఇ.ఆర్.టి.లో కలిసింది. ఇవన్నీ మంచి సంస్థలే. అయితే గోదావరి లంకలోనో, పాలమూరు పల్లెలోనో ఉన్న పిల్లవాడికి అలహాబాదు బ్యూరో వల్ల ఒరిగేదేముంది?

మన ప్రాంతానికి ఈ వ్యవహారం 1953లో దగ్గరకొచ్చింది. ఆ ఒక్క సంవత్సరంలో మద్రాసు నుంచే రెండు ఆలోచనలు బయలుదేరాయి. ఒకటి ఉత్తరానికి పోతే ఒకటి దక్షిణానికి పోతుంది.

మొదటిది రాజాజీ గారి ప్రాథమిక విద్యా పథకం. పల్లెటూరి పిల్లలకు రోజుకు మూడు గంటలు బడి, మిగతా వేళ తండ్రి చేసే పనిలో తర్ఫీదు. పొదుపుగా ఎక్కువమంది పిల్లలను బడిలో చేర్చుకోవచ్చునని ఆయన లెక్క. ఆయన్ను దురుద్దేశంతో చేశారనడానికి నేను సిద్ధంగా లేను. కాని కుమ్మరి కొడుకు కుమ్మరిగానే ఉండిపోవాలా అని జనం అడిగారు. కులవిద్య అని పేరు పెట్టి వ్యతిరేకించారు. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ వచ్చీరాగానే ఆ పథకాన్ని ఉపసంహరించారు. ఈలోగా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది.

రెండోది సెకండరీ విద్యా కమిషన్ నివేదిక. దాని అధ్యక్షులు మద్రాసు విశ్వవిద్యాలయం ఉపకులపతి డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్. ఆయనా, కవల సోదరుడు రామస్వామి మొదలియార్ గారూ 1887లో మన కర్నూలులో పుట్టినవారు. ఈ కమిషన్ తండ్రి పనిని కాదు, పిల్లవాడి మొగ్గును చూడమంది. హైస్కూలు స్థాయిలోనే మానవీయ శాస్త్రాలు, విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలిత కళలు, గృహ విజ్ఞానం అని ఏడు పాయలు పెట్టమంది. ఏ పాయలో ఎవరు చేరాలో చెప్పడానికి బడుల్లో మార్గదర్శక అధికారులు, కెరీర్ మాస్టర్లు ఉండాలంది. రకరకాల పరిశ్రమల్లో పని ఎలా ఉంటుందో పిల్లలకు చూపడానికి సినిమాలు తీయమని కూడా సిఫార్సు చేసింది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. బండి చక్రం తప్ప యంత్రం చూడని పిల్లవాడికి లేతు మిషను గురించి ఉపన్యాసం ఇవ్వడంకంటె పది నిమిషాల బొమ్మ చూపడం నయమని వారికి తెలుసు.

మల్టీపర్పస్ హైస్కూళ్ళు వచ్చాయి. బోర్డులు మారాయి, కొన్నిచోట్ల షెడ్లు వేసి వర్క్‌షాపు సామాను కొన్నారు. నేర్పే మాస్టరు దొరకలేదు. మార్గదర్శక అధికారి సంగతి సరేసరి. ఏడు పాయలు ఉండవలసిన చోట చాలా బడుల్లో రెండో మూడో మిగిలాయి.

మామూలు హైస్కూళ్ళలో నా వయస్సు వారందరికీ గుర్తుండే పాయలు రెండే. కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు. పదమూడు పద్నాలుగేళ్ళ వయస్సులో ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. కాంపోజిట్ తీసుకున్నవాడికి పి.యు.సి.లో లెక్కలు, ఆపైన ఇంజనీరింగు అందుబాటులో ఉండేవి. జనరల్ తీసుకున్నవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే. ఇంత పెద్ద నిర్ణయం ఎలా జరిగేదో నేటి పిల్లలకు చెబితే నమ్మరు. లెక్కల మాస్టారు తరగతిలోకి వచ్చి, కిందటి పరీక్షలో యాభై దాటినవారు ఇటు, దాటనివారు అటు అనేవారు. కొందరు స్నేహితుడి పక్కన కూర్చోవడం కోసం మారేవారు. కాంపోజిట్ కష్టం, ఫెయిలైతే ఏడాది దండుగ అని ఇంట్లో పెద్దలు జనరల్ ఇప్పించేవారు. ఆ సాయంత్రంతో ఆ పిల్లవాడి ఇంజనీరింగు చదువు ముగిసిపోయేది. ఆ సంగతి అతనికి మూడేళ్ళ తర్వాత పి.యు.సి. దరఖాస్తు నింపేటప్పుడు తెలిసేది.

మా అక్కయ్య చదివిన ఆడపిల్లల హైస్కూల్లో కాంపోజిట్ చెప్పే టీచరు లేరు. కనుక ఆ బడిలో ఎంచుకోవడం అన్న ప్రసక్తే లేదు. మా ఇంట్లో పాలపద్దు, చాకలిపద్దు, కౌలు లెక్క అన్నీ తనే నోటితో కట్టేది. నాకు కాంపోజిట్ లెక్కలు నేర్పింది కూడా ఆవిడే, నా పుస్తకం చూసి తను ముందు నేర్చుకుని. ఆ తర్వాత ట్రైనింగు చేసి సెకండరీ గ్రేడు టీచరై, ముప్ఫై పైచిలుకు ఏళ్ళు ఎక్కాలు చెప్పి రిటైరయింది. మంచి ఉద్యోగమే, గౌరవంగా బతికింది. ఇష్టపడి చేశావా అని ఒకసారి అడిగాను. "ఇంకోటి ఉందని ఎవరైనా చెబితే కదరా, ఇష్టమో కాదో తెలిసేది" అంది.

ఇక మా శాఖ విషయానికి వస్తాను. యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు పని చూపడానికి 1945లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల సంస్థ ఏర్పడింది. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. బి. శివరావు గారి అధ్యక్షతన 1952లో వేసిన కమిటీ, ఎక్స్ఛేంజీ అంటే పేర్లు రాసుకునే చోటు మాత్రమే కాదు, వృత్తి మార్గదర్శనం కూడా దాని పనేనని చెప్పింది. 1956 నవంబరు 1న, అంటే మన ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజునే, ఎక్స్ఛేంజీల రోజువారీ పరిపాలన రాష్ట్రాల చేతికొచ్చింది. రెండో పంచవర్ష ప్రణాళికలో మార్గదర్శన విభాగాలు మొదలయ్యాయి. 1959లో ఖాళీల ప్రకటనను తప్పనిసరి చేసే చట్టం వచ్చి, 1960 మే నుంచి అమలయింది. దానితో కార్యాలయాల ముందు క్యూలు పెరిగాయి.

మా ఆఫీసులో వృత్తులన్నిటికీ నంబర్లుండేవి. 1958లో తయారై 1968లో సవరించిన జాతీయ వృత్తుల వర్గీకరణ పుస్తకం మాకు పంచాంగం వంటిది. ఫిట్టరుకు ఒక నంబరు, కంపౌండరుకు ఒకటి, వంటమాస్టరుకు ఒకటి. ఏ పనీ నేర్వకుండా, కేవలం చదువు పూర్తిచేసి కొత్తగా వచ్చినవారిని 1968 పుస్తకంలో 'ఎక్స్' అనే విభాగంలో వేయాలి. ఫిట్టర్ల కార్డులు ఒక చిన్న డబ్బాలో పట్టేవి. ఎక్స్ కార్డులకు గోడ పొడుగునా బీరువాలు చాలేవి కావు. ఫిట్టరు కావాలని ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వస్తే కార్డులు వెతుక్కునేవాళ్ళం. గుమాస్తా పోస్టు ఒకటి వస్తే వందల కార్డుల్లోంచి సీనియారిటీ తీయాలి. దేశంలో నిరుద్యోగం గురించి నేను ఏ అర్థశాస్త్ర గ్రంథమూ చదవనక్కరలేకపోయింది. ఆ బీరువాలు చూస్తే సరిపోయింది.

ఏడాదికి కొన్నిసార్లు హైస్కూళ్ళకు వెళ్ళి మాట్లాడే డ్యూటీ ఉండేది. హెడ్మాస్టర్లు మర్యాదగానే చూసేవారు గాని, మాకిచ్చేది డ్రాయింగు పిరియడో, ఆటల పిరియడో. ఏమవుతారని అడిగితే డాక్టరు, ఇంజనీరు, టీచరు, పోలీసు, కలెక్టరు. ఆడపిల్లలైతే టీచరు, ఎక్కడో ఒకరిద్దరు నర్సు. వాళ్ళు ఊళ్ళో చూసినవీ, సినిమాలో చూసినవీ అవే. తప్పు వాళ్ళది కాదు. 1970ల చివర్లో రైలు మార్గం పక్కనున్న ఒక బడిలో వెనక బెంచీ కుర్రవాడు లేచి, "రైలింజను నడపాలంటే ఏ గ్రూపు తీసుకోవాలండీ?" అన్నాడు. తరగతంతా నవ్వింది, మాస్టారు కూడా నవ్వారు. నాకు మాత్రం అది ఆనాడు విన్న అన్నిటిలోకీ మంచి ప్రశ్న. దానికి జవాబు ఏ గ్రూపూ కాదు. బొగ్గు ఇంజన్ల రోజుల్లో క్లీనరుగా చేరి, ఫైరుమనై, షంటరై, అప్పుడు డ్రైవరు. డీజిలు వచ్చాక ఐ.టి.ఐ. చేసినవాడికి అవకాశం మెరుగవుతుంది. ఇవన్నీ చెప్పి, దగ్గర్లోని ఐ.టి.ఐ. ఏ ఊళ్ళో ఉందో, దరఖాస్తులు ఏ నెలలో ఇస్తారో బోర్డు మీద రాశాను. ఐ.టి.ఐ. అంటే ఏమిటని నలుగురు అడిగారు. చేతి పనివారికి శిక్షణ ఇచ్చే ఆ పథకం 1950లోనే మొదలయింది. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. హైదరాబాదులో బి.హెచ్.ఇ.ఎల్., ఇ.సి.ఐ.ఎల్. వంటి కర్మాగారాలు, విశాఖలో షిప్‌యార్డు అలాంటి పనివారితోనే నడుస్తున్నాయి. నలభై మైళ్ళ దూరంలో ఉన్న బడికి ఆ కబురు పాతికేళ్ళయినా చేరలేదు.

1964లో వేసిన కొఠారి కమిషన్ 1966లో నివేదిక ఇచ్చింది. పదో తరగతి దాకా పాయలు వద్దు, అందరికీ ఒకే చదువు ఉండాలన్నది అందులో పెద్ద మాట. మల్టీపర్పస్ బడుల అనుభవం తర్వాత అది సబబైన నిర్ణయమే. ప్రతి బడికీ ఒక కౌన్సెలరు కుదరకపోతే, పది బడులకు ఒకరైనా తిరుగుతూ ఉండాలని కూడా రాశారు. మొదలియార్ గారు బడికొకరు అంటే కొఠారి గారు పదింటికొకరు అన్నారు. ఆ ఒకరు కూడా రాలేదు. మన రాష్ట్రంలో పి.యు.సి. పోయి 1969-70లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది. 1971 చట్టంతో దానికి బోర్డు ఏర్పడింది. ఎంపిక పదమూడో ఏటి నుంచి పదిహేనో ఏటికి జరిగింది. అదీ మేలే. కాని ఎంచుకునేవాడికి తోడు లేకపోవడం అలాగే ఉండిపోయింది.

అప్పట్లో నిజమైన మార్గదర్శన కేంద్రం ఏదని నన్నడిగితే టైపు ఇన్‌స్టిట్యూట్ అంటాను. ప్రతి పట్నంలోనూ మేడ మీద నాలుగు రెమింగ్టన్ మిషన్లు, ఒక మాస్టారు. లోయరు, హయ్యరు, షార్ట్‌హ్యాండు. సాయంత్రం అక్కడికి చేరే కుర్రకారు ఒకరికొకరు చెప్పుకునే కబుర్లలో ఏ శాఖలో ఖాళీలున్నాయో, ఏ పరీక్షకు ఫీజెంతో అన్నీ దొరికేవి. ఈ సంచిక చదివేవారిలో ఎంతమంది ఆ మేడమెట్లు ఎక్కి దిగి ఉద్యోగంలోకి వచ్చారో లెక్కపెడితే తేలుతుంది. కేంద్ర ప్రభుత్వం 1976లో ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక ప్రారంభించింది. అది ఇంగ్లీషు, హిందీ, ఉర్దూల్లో వచ్చింది. తెలుగులో రాలేదు. తెలుగు దినపత్రికలు చదువులకు, ఉద్యోగాలకు ప్రత్యేక పేజీలు వేయడం మొదలుపెట్టాక ఆ లోటు కొంత తీరింది. 'ఈనాడు ప్రతిభ' కత్తిరింపులు దాచుకున్న ఫైళ్ళు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి.

1986లో ఎంసెట్ వచ్చాక ప్రశ్న రూపమే మారిపోయింది. అంతవరకు "ఏం చదివించాలి" అని అడిగేవారు "ఏ కాలేజీలో వేయాలి" అనడం మొదలుపెట్టారు. అంటే ఎంపీసీయా బైపీసీయా అన్నది తప్ప తక్కినదంతా తేలిపోయిందన్నమాట. అదే సంవత్సరం జాతీయ విద్యావిధానం, ప్లస్ టూ విద్యార్థుల్లో 1990 నాటికి పదిమందిలో ఒకరిని, 1995 నాటికి నలుగురిలో ఒకరిని వృత్తి కోర్సుల్లో చేర్చాలని లక్ష్యం పెట్టింది. లక్ష్యం కాగితం మీద ఉండగానే ఊరూరా ఎంసెట్ కోచింగులు వెలిశాయి. ఇంజనీరింగు కాలేజీలు పెరగడం వల్ల వేలాది మధ్యతరగతి కుటుంబాలు పైకొచ్చాయి. వాళ్ళ పిల్లలు దేశాలు చూశారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. నాకు మింగుడుపడనిది ఒక్కటే. పదో తరగతి దాకా పాయలు వద్దని కొఠారి కమిషన్ చెప్పిన దేశంలో, ఆరో తరగతి పిల్లవాడిని ఐ.ఐ.టి. ఫౌండేషన్ అని వేరే గదిలో కూర్చోబెడుతున్నారు. కాంపోజిట్ రోజులే నయం, మాకు పదమూడేళ్ళ దాకా ఆడుకోనిచ్చారు.

ఇప్పుడు వైద్యానికి నీట్ వేరయింది. ఎంసెట్ పేరు రెండు రాష్ట్రాల్లోనూ మారింది. 2015లో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీసు పేరుతో ఇంటర్నెట్‌లో ఏర్పాటు చేసింది. 2020 విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచీ లేకుండా బడికి వచ్చి, వడ్రంగి దగ్గరో, కుమ్మరి దగ్గరో, తోటమాలి దగ్గరో పని చూడాలంది. చదివినప్పుడు నాకు 1953 గుర్తొచ్చింది. ఒక్క తేడా ఉంది. ఈసారి పిల్లవాడిని పంపమన్నది తన తండ్రి దగ్గరకు కాదు. కుమ్మరి కొడుకు కరెంటు పని చూడవచ్చు, డాక్టరుగారమ్మాయి సారె తిప్పవచ్చు. ఆ ఒక్క తేడా కోసం డెబ్భై ఏళ్ళు పట్టింది. అమలు ఎలా ఉంటుందో మన మనవలే చెప్పాలి.

సెల్‌ఫోనులో అన్నీ ఉన్నాయిగదా, ఇంక మనుషులెందుకని మా మనవరాలు అంటుంది. వాళ్ళ నాన్న ఇంజనీరు, అమ్మ లెక్చరరు, తనకు అడిగేందుకు మనుషులున్నారు. ఫోనులో వెతకడానికి ముందుగా ఆ పని పేరు తెలియాలి గదా. పదో తరగతి మార్కులతోనే ట్రిపుల్ ఐటీల్లో సీటిస్తారని, వ్యవసాయ పాలిటెక్నిక్, పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉన్నాయని కూలివారి పిల్లలకు ఎవరు చెబుతారు?

ఈ ఆలోచనతోనే మూడేళ్ళుగా మా యూనిట్ మిత్రులం కొందరం పదో తరగతి ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి మూడు రోజులు మా పట్నం శాఖా గ్రంథాలయంలో ఉదయం పూట కూర్చుంటున్నాం. ఆర్.టి.సి. నుంచి రిటైరైన మెకానిక్కు గారు, ఆసుపత్రి లాబ్ టెక్నీషియన్ గారు, ట్రెజరీ వారు, విద్యుత్ శాఖ లైన్ ఇన్‌స్పెక్టరు గారు, నర్సింగు సూపరింటెండెంటుగా చేసిన ఒక సోదరి వస్తున్నారు. ఏ కోర్సులో చేరమనీ చెప్పం. తాము రోజూ ఏ పని చేశారో, ఏది కష్టమో, మొదటి జీతమెంతో, దానికి ఏం చదవాలో చెబుతారు, అంతే. అందరికంటె ఎక్కువమంది చుట్టూ చేరేది నర్సమ్మగారి బల్ల దగ్గరే. రెండేళ్ళుగా పిల్లలు సర్వేయరు పని గురించి, పశువుల ఆసుపత్రి పని గురించి అడుగుతున్నారు. సర్వే శాఖ, పశుసంవర్ధక శాఖల నుంచి పదవీ విరమణ చేసిన మిత్రులు మాలో ఎవరూ లేరు. ఈసారికి ఒక్కరు వచ్చినా బల్ల వేసి ఉంచుతాం.